కిటికీ దాటిన పద్యాలు

ఆ ఇంటి కోడళ్ళిద్దరూ ఒకే కాలేజీలో పద్యాలు చెప్పేవారు. పొద్దున్నే ఒకరు కూరలు తరిగితే ఒకరు క్యారియర్లు సర్దేవారు, ఎనిమిదింటి బస్సు కలిసే ఎక్కేవారు. సీటు ఒక్కటే దొరికితే చిన్నకోడలు నిలబడేది. పెద్దకోడలికి అదీ కంటగింపే, ఆ పిల్ల మర్యాదని పదిమందీ మెచ్చుకుంటారని.

కాలేజీలో పద్యం క్లాసుకి ముందు అటెండరు కిటికీలన్నీ గడియ పెట్టి, ఫ్యాను ఆపేవాడు. పద్యాన్ని చదవాల్సినట్టు చదివితే అక్షరాలు కాగితం మీంచి లేచి కప్పు కింద గుంపుగా తిరుగుతాయి కదా. గంట కొట్టగానే ఏ పాదంలోవి ఆ పాదంలోకి దిగిపోతాయి. "మొన్నొక సున్నా ఫ్యాను రెక్కకి తగిలిందమ్మా, పూటంతా వెతికాను" అని విసుక్కునేవాడు అటెండరు.

'ఏరు దాటిన పద్యాలు' పెద్దకోడలు పద్దెనిమిదేళ్ళుగా చెబుతోంది. రాతిగనిలో సంకెళ్ళు తెంచుకుని, చెల్లెల్ని అక్కడే వదిలి, ఏరు దాటి పరాయి ఊళ్ళో బతికిన ఒక బానిస ఏనాడో చెప్పుకున్న ఏడు పద్యాలవి. మాత్రలు, యతి, ప్రాస ఆవిడ చెప్పాక ఇంకొకరు చెప్పడానికేం మిగలదు. కానీ ఆవిడ క్లాసులో ఒక్క అక్షరం లేచిన పాపాన పోలేదు. మూడేళ్ళ కిందట చిన్నకోడలు టెంపరరీ ఉద్యోగంలో చేరింది. రూపం పెద్దకోడలు, భావం చిన్నకోడలు చెప్పాలన్నారు. ఆ పిల్ల నోరు తెరిచిన మొదటిరోజే ఇరవయ్యెనిమిది పాదాలూ కప్పుకెగిరాయి. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఈవిడకి ఆ నవ్వు కూడా అక్కర్లేకపోయింది.

"మాత్రలు లెక్కపెట్టడం కూడా రాదు దానికి. ఏం చూసి లేస్తాయో ఆ వెధవ అక్షరాలు" అని మొగుడి దగ్గర సణిగింది.

"నీకు లేవకపోతే దానికీ లేవకూడదా?" అన్నాడాయన. ఆ పూట ఆయనకి అన్నం పెట్టినవాళ్ళు లేరు.

చిన్నకోడలి ఉద్యోగం పర్మనెంటు చేసే ముందు ప్రిన్సిపాలు ఆమె క్లాసు చూడ్డానికి వచ్చాడు. సీనియరు కాబట్టి పెద్దకోడలూ వచ్చి, చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చుంది.

"ఏరు దాటేశాడు. ఇక ఎవరూ కొట్టరు" అంది చిన్నకోడలు పిల్లలతో. "కానీ అన్నయ్యా అని పిలిచే గొంతు అవతలి ఒడ్డున ఉండిపోయింది. సగం మనిషే దాటాడన్నమాట."

నలభై పుస్తకాల్లోంచి అక్షరాలు లేచాయి. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దకోడలి క్లాసులో ఆయన ఏనాడూ కళ్ళజోడు తీయలేదు. ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి వెనక్కి పోనిచ్చి గడియ లాగింది.

అక్షరాలన్నీ బారుగా కిటికీలోంచి వెళ్ళిపోయాయి. గంట కొట్టారు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ పుస్తకం అచ్చు ఆగిపోయి ముప్పై ఏళ్ళు. లోకంలో మిగిలిన ప్రతులు ఆ నలభయ్యే.

"కిటికీ ఎవరు తీశారు?" అన్నాడు ప్రిన్సిపాలు.

"నాదే తప్పు సార్. గడియ చూసుకోలేదు" అంది చిన్నకోడలు.

"పద్యాలు పోగొట్టినవాళ్ళకి ఉద్యోగం ఎలా ఖాయం చేయనమ్మా?" అంటూ ఆయన ఫైలు తెరిచాడు.

పెద్దకోడలికి సంబరమేసింది. అదీ ఒక్క క్షణమే. ఎదురుగా తెరిచి ఉన్న పుస్తకం కంటపడింది. తెల్లటి కాగితం మీద పెన్సిలుతో రాసిన 'సుమీ' ఒక్కటే మిగిలింది. పేజీ తిప్పింది. అక్కడా సుమీయే. ప్రతి పద్యంలో మూడు పాదాలకి ఇరవయ్యేసి మాత్రలు, నాలుగోదానికి పదిహేడే. ఎత్తి రాసినవాడెవడో పొరపాటు పడ్డాడని, ఆ లోటు పూడ్చడానికి చేరిన ఏడే పిల్లల చేత ఆవిడే రాయించిన మాట అది. అన్నీ ఎగిరిపోయినా అది మాత్రం కదల్లేదు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క అందుకుంది. పద్యాలు నోటికొచ్చింది ఆవిడకొక్కదానికే. మూడు పాదాలు రాసింది. నాలుగో పాదంలో ఎప్పుడూ సుమీ పెట్టే చోట చెయ్యి ఆగింది. మూడు మాత్రలు. ఒడ్డెక్కిన మనిషి వెనక్కి తిరిగి ఒకసారి చూసేంత సేపు. పొరపాటు కాదు, వాడు అక్కడ చెల్లెలి కోసం ఆగాడు. పద్దెనిమిదేళ్ళూ వాణ్ణి ఆగనివ్వలేదు తను. ఆ చోటు ఖాళీగా వదిలి మిగతా ఆరూ రాసేసరికి, బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే లేచి ఆవిడ తల చుట్టూ తిరిగి, నలభై పుస్తకాల్లోకీ దిగాయి.

"సార్, కిటికీ తీసింది నేను. కుళ్ళుతో తీశాను" అంది పెద్దకోడలు.

చిన్నకోడలి ఉద్యోగం ఖాయమైంది. పద్యాల పేపరు మొత్తం ఆమెకే ఇచ్చి, పెద్దకోడలిని వ్యాకరణానికి మార్చారు.

"మీరు తీయడం నేను చూశానక్కా" అంది చిన్నకోడలు, వరండాలో.

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంట్లో మళ్ళీ నాతో మాట్లాడేవారా?"

పెద్దకోడలికి ఆ మంచితనం మీద కూడా అసూయే కలిగింది. ఉన్నమాట చెప్పుకోవాలిగా.

"రేపు నీ క్లాసెన్నింటికి?" అంది.

"పదింటికి."

"వచ్చి వెనక కూర్చుంటాను. నాలుగో పాదం దగ్గర ఆగకుండా చదివావో, పిల్లల ముందే లేచి అడుగుతాను."