ఒక ఊపిరి ఆలస్యం

కొలత సూదిని బోర్డు మీది సన్నగీతకి ఆనించి ఊపిరి బిగబట్టాడాయన. చెయ్యి కాస్త కదిలినా ఎదురుగా తెర మీద పచ్చటి అల చెదిరిపోతుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఎడమ మోచేయి బల్ల అంచుకి ఆనుకుని ఉంది. ఏళ్ళ తరబడి అక్కడే ఆనించడం వల్ల ఆ చర్మం మడమలా మొద్దుబారిపోయింది.

ఆయన పనేమిటో ఇంట్లోవాళ్ళకి ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. చేత్తో పట్టుకునే యంత్రంలో లెక్క చేసే ముక్క ఒకటి, గుర్తుపెట్టుకునే ముక్క ఒకటి ఉంటాయి. రెంటి మధ్యా వెంట్రుకల్లాంటి దారులు. ఆ దారుల్లో సమాచారం పరుగెడితే బ్యాటరీ గటగటా తాగేస్తుంది. మెల్లగా నడిస్తే బ్యాటరీ మిగులుతుంది, పని నత్తనడకన సాగుతుంది. పని లేనప్పుడు దారుల్ని నిద్రపుచ్చొచ్చు. కానీ నిద్ర లేచిన దారి లేచిందే తడవుగా పరుగెత్తదు. ఒళ్ళు విరుచుకుని, తనని తాను సరిచూసుకుని అప్పుడు కదులుతుంది. ఎంతసేపు ఖాళీగా ఉంటే నిద్రపుచ్చాలో చెప్పే అంకెని నిర్ణయించేది ఈయనే. అందుకే ఆఫీసులో వెనకాల ఆయన్ని ‘జోలపాట’ అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు.

ఇవాళ బల్ల మీదున్నది మామూలు బోర్డు కాదు. బావది.

బావంటే ఆయన భార్యకి అన్న. కూరగాయల మార్కెట్‌లో వేలం వేసేవాడు. ఆ నోటి ముందు పుచ్చు వంకాయలు కూడా సిగ్గుపడకుండా అమ్ముడుపోయేవి. ఎవరైనా బేరానికి నసిగితే, నసుగుడు పూర్తయ్యేలోపే చురక తగిలేది. అలాంటివాడికి గొంతులో పుండు లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. పెళ్ళాం ఎప్పుడో పోయింది. చెల్లెలు తన దగ్గరికి తెచ్చుకుంది.

మాట పోయినవాళ్ళ కోసం తమ కంపెనీ చేసిన పెట్టెని ఈయనే తెచ్చి చేతిలో పెట్టాడు. అక్షరాలు నొక్కి, పక్కనున్న నల్ల బటన్ నొక్కితే పలుకుతుంది. ఉదయం ఛార్జి ఎక్కిస్తే మర్నాడు రాత్రిదాకా ఆగుతుంది. అది తన ఘనతేనని ఈయనకి లోలోపల గర్వం. పరీక్ష గదిలో వాక్యాలన్నిటినీ యంత్రమే ఆపకుండా వరసగా పలికించింది. ఎక్కడా తడబాటు లేదు. ఎందుకుంటుంది, సందు దొరికితే కదా నిద్రపోవడానికి. మనుషులు అలా మాట్లాడరు. ఒక మాట అని ఎదుటివాడి మొహం చూస్తారు. ఆ చూసేలోపే పెట్టె కునుకు తీసేది. మళ్ళీ లేచి నోరు విప్పడానికి ఓ నిండు ఊపిరంత సేపు.

ఆ సంగతి ఈయనకి భోజనాల బల్ల దగ్గర తెలిసింది. భార్య పక్కింటావిడ కుక్క గురించి చెబుతోంది. బావ చమత్కారం సిద్ధం చేసుకుని, అదను చూసి బటన్ నొక్కాడు. ఆవిడ నోటికి కామాలుండవు. పెట్టె లేచేసరికి కుక్క అయిపోయి, పక్కింటాయన ఆపరేషన్ మొదలైంది. ‘తోక ఎక్కువైంది, కత్తిరించమను’ అంది పెట్టె తాపీగా. ఎవరూ నవ్వలేదు. బావ తల వంచుకుని కంచంలోకి చూశాడు.

తర్వాత, తరచూ వాడే మాటలు దాచుకునే బటన్లలో మొదటిదానిలో ‘ఆగండి, చెప్తున్నా’ అని దాచుకున్నాడు. అదీ ఆలస్యంగానే పలికేది.

“బావా, దీన్ని కాస్త తొందరపెట్టు” అని ఓ ఉదయం పెట్టె చేత అడిగించాడు.

“తొందరపెడితే మధ్యాహ్నానికే చచ్చూరుకుంటుంది బావా. వచ్చే మోడల్లో చూద్దాంలే” అంటూ ఈయన బూట్లు తొడుక్కున్నాడు.

మెట్లు దిగుతుండగా వెనక నుంచి పెట్టె గొంతు వినిపించింది.

“మధ్యాహ్నం దాకా చాలు.”

వినీ విననట్టు దిగిపోయాడు. ఆ దిగిపోవడం నెలల తరబడి సాగింది. ఈలోగా బావ పెట్టెని మెల్లగా పక్కన పెట్టాడు. నవ్వడం, తలూపడం, అంతే. నిన్న రాత్రి అది ఈయనకి చెంచాల సొరుగులో కనిపించింది.

పొద్దున్నే అడిగి తీసుకున్నాడు, సాయంత్రానికి తెచ్చిస్తానని. బావ వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి కొట్టాడు. రెండోసారి కొట్టాడు. మూడోసారికి చెయ్యెత్తి గాల్లోనే ఆపి, కన్ను గీటాడు. తెస్తేనే మూడో దెబ్బ, అప్పుడే పాట ఖాయమని. చాన్నాళ్ళకి ఆ మొహంలో పాత మార్కెట్ కనిపించింది.

పైఅధికారిణి చూసి, డబ్బా మీద రెండు రోజులని అచ్చేశాం, ఇదేం పని అని అడిగింది. ఈయన విషయం చెప్పాడు. ఆవిడ పెట్టెవంక చూసి, ఆ ఒక్కదానికే చేసుకో, నేను చూళ్ళేదనుకో అని వెళ్ళిపోయింది.

దారుల్ని మెలకువగానే ఉంచేలా అంకె మార్చాడు. గంట పని. మొదటి బటన్ నొక్కాడు. వేలు తియ్యకముందే ‘ఆగండి, చెప్తున్నా’ అంది పెట్టె. ఒక్కడే నవ్వుకున్నాడు.

అప్పుడే ఇంటికి పోవాల్సింది. కానీ పాత బుద్ధి పోనిచ్చిందా? ఛార్జి ఎంతసేపు నిలుస్తుందో చూసుకోకుండా ఎలా ఇవ్వడమని కూర్చున్నాడు. మధ్యలో బటన్ నొక్కుతూ, పెట్టె మీద ఛార్జి చూపే పచ్చగీత తరిగేది చూస్తూ. మధ్యాహ్నం దాటింది. ఎండ కిటికీ మారింది. సాయంత్రమైనా సగానికి పైనే మిగిలింది. ఇన్నాళ్ళూ తను భయపడింది దేనికో ఆయనకే అర్థం కాలేదు.

పరీక్ష గదిలోకి ఫోన్లు రానివ్వరు, కొలతలు చెడతాయని. బయట అరలోంచి తీసి చూస్తే అన్నీ ఇంటి నుంచి వచ్చిన పిలుపులే.

ఇంటికి చేరేసరికి గదిలో బావని మంచం మీద పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పారు. గొంతు దగ్గర రంధ్రం మీద వేసుకునే తెల్లగుడ్డ సరిగానే ఉంది. భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

“కుర్చీలోనే కూర్చున్నాడండీ. నేను వంటింట్లో ఉన్నా. బల్ల మీద కొట్టాడు. వస్తున్నా అన్నయ్యా అన్నా. మళ్ళీ కొట్టాడు. పాలు పొంగుతున్నాయని...” ఆగింది. “మూడోసారి కొట్టలేదు. అవసరం లేదేమో అనుకున్నా.”

ఆయన సంచిలోంచి పెట్టె తీసి, కుర్చీ పక్కన బల్ల మీద, బావ కూర్చుంటే చెయ్యి అందే చోట పెట్టాడు.

వాళ్ళూ వీళ్ళూ వచ్చారు, తల దగ్గర దీపం పెట్టారు, కుర్చీ పక్కకి జరిపారు. పెట్టె మాత్రం కునుకు తియ్యలేదు. వేలు అరగదీసిన మొదటి బటన్ పైన, సగానికి కాస్త ఎక్కువగా, పచ్చటి గీత వెలుగుతూనే ఉంది.