పప్పు మీది తేట

నిరోషకు అత్త మీద అనుమానం పుట్టింది పిల్ల పొట్ట చూసి.

సాయంత్రం ఆరున్నరకు తాండూరు పప్పుమిల్లు నుంచి ఇంటికొచ్చింది. కాళ్ళు చేతులు కడుక్కుంది, తలలో దుమ్ము దులుపుకుంది, బరువెక్కి సలుపుతున్న రొమ్ము పిల్ల నోటికి అందించింది. పిల్ల రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకుంది. పొద్దున ఏడింటికి తాగిన పిల్ల! మీదపడి పీకాలి కదా. పీకలేదు. పొట్ట చూస్తే డప్పులా బిగిసి ఉంది. ఆ పొట్ట కింద కాళ్ళు మాత్రం చీపురు పుల్లలు.

“ఏం బెట్టినవత్తా ఇయ్యాల?”

“నువ్వు చెప్పిందే బెట్టిన” అంది బీరమ్మ, చేతికంటిన జొన్నపిండి దులుపుకుంటూ. “కడుపు నిండింది బంగారానికి. ఇగ నీ దగ్గర ఏం తాగుతది?”

రోజూ ఇదే మాట. నువ్వు చెప్పిందే బెట్టిన. అంత వినయం అత్తకు ఎప్పుడొచ్చిందో నిరోషకు అర్థం కాలేదు. పెళ్లయిన మూడేళ్ళలో తను చెప్పిన ఒక్క మాట వినని మనిషి, పిల్ల తిండి దగ్గర మాత్రం ఎందుకు వింటోంది?

పిల్ల పేరు స్నేహలత. ఎనిమిది నెలలు. ఆరో నెల దాకా తల్లి పాలే తాగింది, నిండుగా పెరిగింది. ఆరో నెలలో తూచినప్పుడు ఆరు కిలోల ఎనిమిది వందలు. ఇప్పుడూ ఆరు కిలోల ఎనిమిది వందలే. ఇంటి తిండి మొదలుపెట్టి నిరోష మిల్లుకు పోవడం, పిల్ల పెరగడం ఆగిపోవడం, రెండూ ఒక్కసారే జరిగాయి. రెండు నెలలు పిల్లను చూసుకున్నది ఎవరు? బీరమ్మ. మరి అనుమానం ఎవరి మీద పుట్టాలి?

అంగన్‌వాడీ టీచర్ పద్మారాణి బరువు కార్డు మీద చుక్క పెట్టి, దాని పక్కన ఇంకో చుక్క పెట్టి, రెండూ కలిపి చూపించింది. గీత నేల మీద పడుకున్నట్టు ఉంది.

“ఇంకో నెల జూస్త నిరోషా. అప్పటికి గూడ పెరగకుంటె వికారాబాద్ దవాఖానల పిల్లల వార్డుకు రాస్త. తల్లి, పిల్ల ఇద్దరు రెండు వారాలు ఆడ్నే ఉండాలె.”

రెండు వారాలు పోతే మిల్లులో మేస్త్రీ మొగులప్ప నిరోష చోట్లో ఇంకో ఆడమనిషిని కూర్చోబెడతాడు. బెల్టు మీద పారే కందిపప్పులోంచి రాయి, పొట్టు, నల్లగింజ ఏరడానికి ఎవరైతేనేం? ఆ మిల్లులో పప్పుబస్తాలు పెట్టడానికి ఆరు గదులున్నాయి. పాలిచ్చే తల్లి కూర్చోవడానికి ఒక్క మూల లేదు. రొమ్ములు గడ్డకట్టి నొప్పి పుడితే నిరోష బస్తాల వెనక్కి పోయి పాలు గుడ్డలోకి పిండుకుంటుంది. చోటు అడిగితే మొగులప్ప పళ్ళికిలిస్తాడు. బిడ్డ నోటి కూడు గుడ్డ పాలవుతుంటే ఇకిలించేవాడిని మేస్త్రీ అంటారు మన ఊళ్ళల్లో.

ఇంత చాలదన్నట్టు మొగుడు రాజేందర్ ఒక పాలపొడి డబ్బా తెచ్చాడు. తాండూరు నుంచి బషీరాబాద్‌కు సామాన్ల ఆటో నడుపుతాడు. దారిలో మల్లికార్జున్ సేటు మందుల దుకాణం. డబ్బా మీద బూరెబుగ్గల పిల్ల బొమ్మ.

“ఊకెనే ఇచ్చిండు” అన్నాడు.

“ఊకెనే? గా సేటు ఎన్నడన్న ఒక్క గోలి ఊకెనే ఇచ్చిండా?”

“నీకు అందరి మీద శకే. మిల్లు దుమ్ముల కూసున్నదానికి పాలు చెడ్తయంట. అందుకే పిల్ల తాగుతలేదు. ఇగో చెప్తున్న. పదిహేను దినాల్ల బరువు పెరిగిందా, సరే. పెరగలేదనుకో, నీ పాలు బంద్, డబ్బ పాలు మొదలు. మళ్ళ నా తోని లొల్లి వెట్టుకోవద్దు.”

మొదటి డబ్బా ఊరికే ఎందుకిస్తారో నిరోషకు బాగా తెలుసు. అది అయిపోయేలోపు తల్లి రొమ్ము ఎండిపోతుంది. రెండో డబ్బా నుంచి సేటు చెప్పిందే ధర. కానీ పిల్ల తాగడం లేదన్నది నిజం. ఎండిపోయేది తన పాలు. ఉన్నది పదిహేను రోజులు.

నిరోష పప్పు మీద నిఘా పెట్టింది. పిల్ల కోసమని మిల్లు నుంచి మేలురకం పప్పు విడిగా తెచ్చి గాజుసీసాలో పోస్తుంది. సీసా మీద కాటుకతో గీత గీసి పోయింది. సాయంత్రం చూస్తే పప్పు గీతకు కిందే ఉంది, పిల్లకు ఎంత కావాలో అంతే తగ్గింది. అంటే పప్పు సీసాలోంచి గిన్నెలోకి పోతోంది. గిన్నెలోంచి ఎక్కడికి పోతోంది?

మిల్లులో పక్కన కూర్చునే గౌరమ్మతో ఈ మాట అంటే ఆమె చేతులాపకుండానే నవ్వింది.

“మీ అత్తను సరింగ జూసినవా ఈ మధ్య? బుగ్గలొచ్చినయ్. పాలడబ్బల మీది పిల్ల బొమ్మ లెక్కనే ఉన్నది.”

“ఊరుకో అక్కా.”

“నేనేమంటిని? పిల్ల సన్నమాయె, ముసల్ది లావాయె. నువ్వే లెక్క జేస్కో.”

తమాషాకే అంది గౌరమ్మ. నిరోష మాత్రం ఆ సాయంత్రం ఇంట్లో అత్త బుగ్గలే చూసింది.

మూడో రోజు మధ్యాహ్నం మిల్లు మోటారు కాలింది. బాగయ్యేసరికి రెండు రోజులు పడుతుందన్నారు. అందరూ చెట్ల కింద కూర్చుంటే నిరోష లేచి నేరుగా ఇంటికి నడిచింది. ముందు తలుపు తట్టలేదు. ఇంటి వెనక్కి పోయి వంటింటి కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. సొంత ఇంటికి దొంగలా వచ్చానని సిగ్గేసింది. అయినా కదల్లేదు.

లోపల బీరమ్మ పొయ్యి మీంచి పప్పుగిన్నె దింపి కాసేపు తేరనిచ్చింది. గంటెతో మీద మీద తేట మాత్రం తీసి, స్టీలు గ్లాసులో పోసి, ఇంత ఉప్పేసి చల్లార్చింది. పిల్లను ఒళ్ళో వేసుకుంది.

“తాగు నా తల్లి, తాగు. మీ అమ్మ వచ్చి నన్ను పరీక్ష వెడ్తది. తాగు.”

పిల్ల గ్లాసు గ్లాసంతా తాగేసింది. తర్వాత బీరమ్మ గిన్నె అడుగున మిగిలిన గుజ్జు, పచ్చగా, గట్టిగా ఉన్నది, తన పళ్ళెంలో వంపుకుని, ఇంత నెయ్యేసుకుని జొన్నరొట్టె తుంచింది.

రొట్టె నోట్లోకి పోకముందే నిరోష లోపల ఉంది.

“దొరికినవ్! పిల్లకు నీళ్ళు దాపి పప్పు నువ్వు మింగుతున్నవా? పసిదాని నోటికాడిది గుంజుకోను సిగ్గనిపిస్తలేదా అత్తా?”

బీరమ్మ ముందు ఉలిక్కిపడింది. తర్వాత ఆమెకూ రోషం వచ్చింది.

“ఏందే నీ మాటలు? నువ్వే గద చెప్పినవ్! మీది తేట వొయ్యి, అడుగుది బెట్టకు అని. అడుగుది పారబొయ్యమంటవా? తింటున్న. తప్పా?”

“నేనెప్పుడు జెప్పిన? అబద్ధాలు మానుకో. పా, వికారాబాద్ పోదాం రేపు. కాన్పు జేసిన సిస్టర్ ముంగట నువ్వేం దాపినవో, ఏం మింగినవో చెప్పు. అప్పుడు తేలుతది.”

“పా. నేను భయపడ్తనా?”

మరునాడు పొద్దున నిరోష ఎదురుగా కూర్చుని అత్తతోనే పప్పు వండించింది. తేట సీసాలో పోసి మూత బిగించింది. గుజ్జు డబ్బాలో పెట్టింది. రెండూ సంచిలో వేసుకుంది, పోలీసులు సామాను పట్టుకుపోయినట్టు. తాండూరు స్టేషన్‌లో ఇద్దరూ ఒకే బెంచీ మీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు. పిల్ల మాత్రం నాయనమ్మ ఒళ్ళో ఆడుకుంది. అది కూడా నిరోషకు నచ్చలేదు.

రైలు ధారూర్ దాటింది. కంది చేలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది.

పిల్లకు మొదటిసారి బువ్వ ముట్టించిన రోజు. మోమిన్‌పేట్ నుంచి తల్లి, తమ్ముడు వచ్చారు. తమ్ముడు మేనకోడలి నోట్లో అన్నం ముద్ద పెట్టాడు. పిల్లకు అడ్డం పడింది. దగ్గింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కక్కింది. నిరోష పిల్లను గుంజుకుని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఎవ్వరు గట్టిది బెట్టొద్దు! పప్పు మీది తేట వొయ్యుండ్రి. సత్తువంత తేటలకే దిగుతది!

అన్నది తనే. అరుపుతో పాటే మరిచిపోయింది. మిల్లులో ఆడవాళ్ళంతా అనే మాట అది. పొద్దంతా కందిపప్పు ఏరేవాళ్ళు, పప్పు సత్తువ అంతా ఉడికిన నీళ్ళలోకే దిగుతుందని, అడుగున మిగిలేది పిప్పి అని నమ్ముతారు. గౌరమ్మ తన ముగ్గురు పిల్లలకూ తేటే పోసింది. నిరోష తల్లి నిరోషకు అదే పోసింది. పేరు మోసిన పప్పు పండించే నేల మీద పసిపిల్లలకు దక్కేది పప్పు ఉడికిన నీళ్ళే.

నిరోష సంచిలో సీసా వైపు చూసింది. అయినా అనుమానం చావలేదు. నేను చెప్పాను సరే. నేను చెప్పిన వేరే ఏ మాటా వినని మనిషి ఈ మాటే ఎందుకు పట్టుకుంది? అడుగు గుజ్జు రుచిగా ఉంది కనుకనే కదా!

వికారాబాద్ దవాఖానలో సిస్టర్ రెబెక్క పిల్లను తూచింది. ఆరు కిలోల ఎనిమిది వందలు. కళ్ళు, నాలుక, అరికాళ్ళు చూసింది. తర్వాత నిరోష సంచిలోంచి తీసిన సీసా, డబ్బా చూసి నవ్వాపుకుంది. ఒక చెంచా అడిగింది. తేటలో ముంచి వంచింది. బొటబొటా కారిపోయింది. అదే చెంచా గుజ్జులో ముంచి వంచింది. గుజ్జు చెంచాను పట్టుకుని ఉంది.

“జూసిండ్రా? చెంచా వొంచితె జారిపోకుండ నిలవాలె. గదీ ఈ వయసు పిల్ల తిండి. మెత్తగ మెదిపిన పప్పన్నం, ఇంత నెయ్యి, ఉడకవెట్టిన గుడ్డు, ఆలుగడ్డ. ఉప్పు వద్దు. ఈ నీళ్ళతోని పొట్ట నిండుతది, పిల్ల నిండదు. పొట్ట నిండినంక తల్లి పాలెట్ల తాగుతది? పాలకు ఏం గాలే. రెండేండ్లు వచ్చేదాంక ఇయ్యుండ్రి. ఏ డబ్బ అక్కర్లేదు.” సిస్టర్ సీసా పైకెత్తి పట్టుకుంది. “ఇంతకు ఈ తేట పొయ్యమని చెప్పిన డాక్టర్ ఎవరు?”

నిరోష నోరు తెరిచింది.

“నేనే” అంది బీరమ్మ.

“నువ్వా అవ్వా? ఎంతమందిని పెంచినవ్?”

“నలుగురిని.”

“నలుగురిని పెంచి గిదా నేర్చుకున్నది? పసిదాన్ని ఎండవెడ్తున్నవ్ తెలుసా?” వరుసలో నిలబడ్డ వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. బీరమ్మ కొంగు సర్దుకుంది. సిస్టర్ కడుపునిండా తిట్టి, పదిహేను రోజులకు మళ్ళీ రమ్మంది.

తిరుగు రైల్లో నిరోష అత్తనే చూస్తూ కూర్చుంది. ఈ ముసలిది ఒకరి తప్పు ఊరికే నెత్తినేసుకునే రకం కాదు. రేపు దీన్ని చూపించి ఏమడుగుతుందో? తోటి కోడళ్ళ ముందు ఎన్నిసార్లు చెప్పుకుంటుందో?

“ఎందుకట్ల చెప్పినవ్?”

“ఎట్ల?”

“నువ్వు చెప్పినట్టు. నీకేం గావాలె నా దగ్గర?”

బీరమ్మ కిటికీలోంచి ఉమ్మి మూతి తుడుచుకుంది. “నీ దగ్గర ఏమున్నదని అడుగుత? తేట నువ్వు వొయ్యమన్నవని తెలిస్తె నా కొడుకు ఏమంటడు? తల్లికి ఏం తెల్వదు, దాని పాలు గూడ గట్లనే ఉంటయ్ అంటడు. డబ్బ పట్టుకొని తయారుగున్నడు. నన్నంటె ఏమంటడు? ముసల్ది, బుద్ధి లేదు అంటడు. గంతే గద.”

నిరోష లెక్క చూసుకుంది. పాలు ఇంకా తన రొమ్ములోనే ఉన్నాయి. రాజేందర్ చేత డబ్బా తెరిపించే నిజం అత్త దగ్గర ఉంది. దాన్ని వాడుకుంటుందా, వాడుకోదా?

“అయితె అత్తా, రెండు నెలలు పిల్ల కాళ్ళు సన్నవడుతుంటె నీకు కనవడలేదా?”

“కనవడ్డది. నాకు శక్ వచ్చింది. అడిగితె నువ్వు మీదవడ్తవని అడగలే.” కొంగుతో మూతి ఇంకోసారి తుడుచుకుంది. “అబద్ధమెందుకు, గుజ్జు మస్తుగుంటుండె.”

ఇంటికి రాగానే తేట తనే పోశానని బీరమ్మ కొడుక్కు చెప్పింది; సిస్టర్ మళ్ళీ తూచేదాకా ఆగుతానన్నాడు రాజేందర్. ఆ రాత్రికే గుజ్జు మొదలైంది. పిల్ల మొదటి చెంచా ఉమ్మేసింది. రెండోదీ ఉమ్మేసింది. మూడోది గొంతులో ఆగి పిల్ల కక్కబోయింది. నిరోష చెయ్యి పిల్లను గుంజుకోవడానికి లేచింది. బీరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పిల్ల మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

మోటారు బాగయ్యాక నిరోష మిల్లుకు పోయింది. గుజ్జు గిన్నె అత్తకే అప్పగించక తప్పలేదు. రోజంతా బెల్టు మీద రాళ్ళు ఏరుతూ అనుమానపడుతూనే ఉంది. సాయంత్రం రాగానే పిల్ల మూతి వాసన చూసింది, అత్త పళ్ళెం వాసన చూసింది. ఐదో రోజు పిల్ల రొమ్ము మీద పడి పీకింది. ఆ నొప్పికి నిరోష పళ్ళు బిగపట్టి, పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది.

పదిహేనో రోజు రాజేందర్ కూడా వచ్చాడు వికారాబాద్‌కు. కళ్ళారా చూస్తేనే నమ్ముతానన్నాడు. సిస్టర్ పిల్లను తూచింది.

“ఏడు కిలోల నూరు.”

“మళ్ళొకసారి తూకమెయ్యండి సిస్టర్” అంది నిరోష.

“నమ్మకం లేదా?”

“లేదు.”

మళ్ళీ తూచింది. ఏడు కిలోల నూరే. రాజేందర్ కాంటా మీదికి వంగి అంకె చూశాడు, ఇంకోసారి చూశాడు, డబ్బా మాట ఎత్తలేదు.

“ముసలామె దారిల వడ్డట్టున్నది” అంది సిస్టర్.

నిరోష మొగుడి వైపు తిరిగింది. “ఆమెది కాదు. తేట వొయ్యమన్నది నేను. ఆ పొద్దు ఆమె అబద్ధం చెప్పింది.”

రాజేందర్ తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఏదో అనబోయాడు. కాంటా మీద పిల్ల కాళ్ళు తన్నుకుంటూ ఆకలికి గుక్కపట్టింది.

“ఉంటివా నోరు మూస్కొని?” బీరమ్మ కోడలి మీద మండిపడింది. “పదిహేను దినాలు నేను మొయ్యలే? ఇంకో నాలుగు దినాలు మోస్తె నా సొమ్మేం వొయ్యేది? కూసో, పిల్లకు పాలియ్యి ముందు.”

నిరోష బెంచీ మీద కూర్చుని కొంగు కప్పుకుంది.