కాపడం సంచి

క్రేనాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఊళ్లో లేచిన ఎత్తైన మేడల్లో సగం ఆయన చేతిమీదుగా లేచినవే. ఆకాశంలో అగ్గిపెట్టెలా కనిపించే క్రేను గాజుగదిలో కూర్చుని, ఇనుపకడ్డీల కట్టల్ని పసిపాపను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత నెమ్మదిగా దింపేవాడు. అలాంటి మనిషి ఒక వానరోజున నిచ్చెన చివరి మెట్లమీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది. కాళ్లు మళ్లీ మాట విన్నాయి. పేగులు మాత్రం వినలేదు. నరం దెబ్బతిందట. మూడేసి రోజులు బతిమాలినా కదలవు, నాలుగోరోజు చెప్పాపెట్టకుండా పరువు తీస్తాయి.

ఇంక పైకి ఎవరు ఎక్కనిస్తారు? ఆ గాజుగదిలో కుర్చీకే చోటు చాలదు, మరుగుదొడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? పోనీలే కదా అని కింద సామాన్లగదిలో కూర్చోబెట్టి బోల్టులు ఇవ్వమన్నారు. ఆయన బోల్టులు ఇస్తూ, కిటికీలోంచి పైకి చూసీ చూసీ మెడ పట్టేయించుకున్నాడు.

అప్పుడు ఆసుపత్రి నర్సమ్మ ఒక దారి చూపించింది. ఒక నీళ్లసంచి, చేత్తో నొక్కే చిన్న పంపు, చివర మెత్తటి సన్నగొట్టం. మరుగుదొడ్డిమీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్లు మెల్లమెల్లగా లోపలికి పంపితే, ఆ నీళ్లతో పాటు కడుపులోని బరువంతా దిగిపోతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు నిశ్చింత. గొట్టం ఎప్పటికప్పుడు కొత్తది, సంచి మాత్రం కడిగి ఆరేసుకునేది. మొదట్లో నీళ్లన్నీ నేలపాలు, ఆయన తిట్లన్నీ గోడపాలు.

"తొందరపడితే పేగు బిగుసుకుంటుంది. హాయిగా పాటలు పాడుకోండి," అని నవ్వింది నర్సమ్మ.

కొన్నాళ్లకి చెయ్యి కుదిరింది. పాట కూడా కుదిరేదే, తలుపవతల అత్తగారు లేకపోతే.

అత్తగారు వీళ్లింట్లోనే ఉంటుంది. వరండాలో డజనుకు పైగా కుండీల్లో టమాటా మొక్కలు పెంచుతుంది, చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతుంది, ఇంట్లో చీమ తుమ్మినా ఆవిడకి తెలియాలి. ఆవిడకి ఈ సంగతి ఎలా చెప్పడం? క్రేనాయన సిగ్గుతో చితికిపోయాడు. "నడుముకి కాపడం పెట్టుకుంటున్నారమ్మా," అని ఆయన భార్య ఒక అబద్ధం ఆడేసి, తెల్లారకముందే తన బేకరీ పనికి వెళ్లిపోయేది. అక్కణ్ణుంచి మొదలు.

ఆయన లోపల పంపు పట్టుకోగానే తలుపు టకటకలాడేది.

"అల్లుడుగారూ! గోరువెచ్చటి నీళ్లతో కాపడమేమిటండీ, నా మొహం! మరిగించి తెచ్చాను, తలుపు తియ్యండి!"

"వద్దండీ అత్తయ్యగారూ! ఇవి చాలు!"

"చర్మం ఎర్రబడాలండీ! ఎర్రబడిందా?"

ఎర్రబడింది ఆయన మొహం. ఇలా ఉంటే ఏ పేగు మాట వింటుంది? పని సగంలో ఆపేసి బయటికొచ్చేవాడు. ఆ మిగిలిన సగం ఏ మధ్యాహ్నమో సామాన్లగదిలో పరుగులు పెట్టించేది. తలుపు టకటకమనని రోజు మాత్రం రోజంతా రాజాలా తిరిగేవాడు.

ఇలా ఉండగా ఇంజినీరు పిలిచాడు.

"సోమవారం పైకప్పు కాంక్రీటు. పొద్దున మొదలెడితే పొద్దువాలేదాకా ఆపడానికి లేదు. ఇప్పుడు క్రేను నడిపేవాడు సెలవుమీద పోయాడు. నువ్వు కూర్చోగలవా? నడిమధ్యలో దిగుతానంటే కాంక్రీటు నీకోసం ఆగదు, గడ్డకట్టి కూర్చుంటుంది."

"కూర్చుంటాను సార్."

"ఆలోచించుకో. దిగావంటే మళ్లీ ఎక్కించమని నన్నడక్కు."

ఆ ఆదివారం క్రేనాయన సంచి శుభ్రంగా కడిగి, ఎండలో బాగా ఆరుతుందని మొదటిసారి వరండాలో కొక్కేనికి తగిలించాడు. అదే కొంపముంచింది.

సోమవారం చీకటితోనే లేచి చూస్తే కొక్కేనికి సంచి లేదు. దాని స్థానంలో ఎర్రటి ఊలు చొక్కా తొడుక్కుని, రబ్బరు వేడినీళ్లసంచి ఒకటి బొద్దుగా వేలాడుతోంది. వరండా అంచుకి పరుగెత్తాడు. ఆయన సంచి టమాటా కుండీల నెత్తిమీద కట్టి ఉంది. దాని పైపులోంచి బొట్టు, బొట్టు, బొట్టు.

"బాగుందా అల్లుడుగారూ?" వెనకనుంచి అత్తగారు మురిసిపోతూ వచ్చింది. "మీ సంచి కాపడానికి పనికిరాదని నాకు మొదటిరోజే తెలుసు. అందుకని మంచిది కొని, చొక్కా అల్లాను. మీదేమో మొక్కలకి భలే పనికొచ్చింది. చుక్కలు ఎంత ముద్దుగా పడుతున్నాయో చూడండి!"

భార్య ఇంట్లో లేదు. అబద్ధానికి అతుకు వేసే మనిషి లేదు. అటు చూస్తే కాంక్రీటు, ఇటు చూస్తే అత్తగారు.

"అత్తయ్యగారూ... అది నడుముకి కాదండీ."

"మరి?"

"నేను పడ్డప్పుడు నరం... అంటే... ఎలా చెప్పనండీ. సరుకు అంతా వచ్చి గుట్టపడుతుంది. దింపమన్న సిగ్నల్ మాత్రం అందదు. తొందరపడకుండా, పాడుకుంటూ ఆ నీళ్లు లోపలికి పంపితేనే దిగుతుంది. ఇవాళ దిగకపోతే నేను పైకెక్కలేను."

ఆవిడ ఒకసారి సంచివైపు చూసింది, ఒకసారి అల్లుడి పొట్టవైపు చూసింది. బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో నా మతి మండా! ఇన్నాళ్లూ నేను తలుపు బాదుతుంటే లోపల మీరు..." అంటూనే కిసుక్కున నవ్వేసింది. నవ్వు ఆపుకోబోతే ఎక్కువైంది. చివరికి పమిటతో కళ్లు తుడుచుకుంది. "నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని నాయనా. వాళ్లకి పొద్దున్నే సరిగ్గా అయిందా లేదా అన్నదే ఇరవయ్యేళ్లు నా దినచర్య. నా దగ్గరా సిగ్గు?"

అల్లుడుగారు పోయి నాయనా అయ్యాడు. ఆ ఒక్కమాటతో ఆయన భుజాలమీంచి బస్తా దించినట్టయింది.

ఆవిడ అప్పటికే సంచి ఊడదీసింది. సబ్బుపెట్టి రుద్ది, కాచి చల్లార్చిన నీళ్లతో జాడించి, కొత్త గొట్టం ఆయన్ని తెచ్చుకోమంది. "మీకు ఒకపూట దాహమైతే కొంపలేం మునగవు," అని మొక్కల్ని గదమాయించింది. నీళ్లు కలిపి, పిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసి చూసి అందించింది. ఆయన లోపలికి వెళ్లగానే కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డంగా వేసుకుని, ఊలుబంతి పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి బడికెళ్లే మనవరాలు వచ్చి గునిసింది. "అమ్మమ్మా, నేను మొహం కడుక్కోవాలి!"

"వంటింట్లో కడుక్కో పో."

"నాన్న ఎంతసేపు?"

"మీ నాన్న లోపల క్రేను దింపుతున్నాడే! సరుకు మొత్తం దిగేదాకా ఎవరూ అడ్డురాకూడదు!" అని, తలుపువైపు తిరిగి వీధంతా వినబడేట్టు, "తొందరేం లేదు నాయనా! పాడుకో, పాడుకో!" అంది.

లోపల క్రేనాయనకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి బిగుసుకున్నదేదో వదులైంది. అలా మొదటిసారి, సగంలో ఆపకుండా, ఒక పాట పూర్తిగా పాడుకుని బయటికొచ్చాడు. మొహం కడిగిన గాజులా ఉంది.

ఆ పూట గాజుగదిలో, ఎర్ర చొక్కా తొడుక్కున్న వేడినీళ్లసంచి నడుము వెనక పెట్టుకుని కూర్చున్నాడు. కాంక్రీటు తొట్టి పైకి, పక్కకి, కిందికి. చేతులు దేన్నీ మర్చిపోలేదు. కింద ఈలవేసి సైగలు చేసే కుర్రాళ్లు, పెద్దాయన వచ్చాడ్రా అని మీసాలు లేకపోయినా మెలేశారు. ఎండ నడినెత్తికొచ్చి దాటిపోయింది. ఆఖరి తొట్టి దిగింది. రేడియోలో ఇంజినీరు గొంతు, "అయిపోయింది. నువ్వే రేపూ ఎక్కు," అంది.

ఖాళీ కొక్కేన్ని వెనక్కి లాగుతూ చూస్తే, దూరంగా తమ వరండా. ఆకుపచ్చ కుండీల మధ్య ఒక చిన్న మనిషి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఆయన కొక్కేన్ని కాస్త దించి, మళ్లీ లేపాడు.

"ఏందన్నా, కొక్కెం అట్టా దణ్ణం పెట్టింది?" అన్నాడు కింద ఈలవేసే కుర్రాడొకడు రేడియోలో.

"గాలి," అన్నాడు క్రేనాయన.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. వీధి చివరనుంచే కేక. "ఏం నాయనా! పైనున్నంతసేపూ కడుపెలా ఉంది?"

పక్కింటివాళ్లు తలలు బయటపెట్టారు. క్రేనాయన ఈసారి మొహం దాచుకోలేదు.

"కడుపా? అదొకటుందన్న సంగతే గుర్తురాలేదండీ!"