తలుపు బోర్డు గడియారం

అగోంగ్‌తియెన్ ఏరు పొంగి, బోల్టుల పీపాల్లో చేపలు చిక్కిన ఏడు అది. నీళ్ళు తీశాక గాంగ్‌షాన్‌లోని ఆ బోల్టుల షెడ్డులో మునిగిన కరెంటు బోర్డులన్నీ పీకి కొత్తవి బిగించినవాడు హోంగ్ చియావ్. బోల్టులు నొక్కే ప్రెస్సుకొక బోర్డు, దాని రక్షణ తలుపుకొక బోర్డు. ప్రెస్సును నడిపించే మీట నొక్కిన వేళ ఒకటి, తలుపు తీసిన వేళ ఇంకొకటి రాసిపెడతాయి. తలుపు తీస్తే ప్రెస్సు ఆగాలి. అలా ఆపే తలుపు గడియ వరద నీళ్ళు తాగి చెడింది. దాన్ని తరువాత మారుద్దాం లెమ్మన్నాడు యజమాని.

ఆ వారమే అక్కడ పనిచేసే తూ వెన్‌బిన్ చెయ్యి ప్రెస్సు కింద నలిగిపోయింది.

యజమాని తెర తిప్పి అందరికీ చూపించాడు. తలుపు తీసిన ఇరవై సెకన్లకు మీట పడింది. నొక్కినవాడు తోటి పనివాడు కే. చేతిలో కడ్డీతో, ఒంటిమీద నెత్తుటి ఏప్రన్‌తో సంతనుంచి నేరుగా వచ్చాడు వెన్‌బిన్ అన్న, పందిమాంసం అమ్మే తూ షియోంగ్. మొదటి దెబ్బకే కే మోకాలు విరిగింది. తలుపు మూసి ఉందని చూసే నొక్కానని కే నేలమీద పొర్లుతూ అన్నాడు. షియోంగ్ వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చి, చెయ్యి ప్రెస్సు దిమ్మెమీద అదిమాడు. ఎవరూ కదల్లేదు.

హోంగ్ తెరమీది వేళలు మళ్ళీ చదివాడు. ప్రెస్సు బోర్డు చిప్పులోని గడియారంతో రాస్తుంది. అణుగడియారాల లెక్కన నడిచే అది గోడ గడియారంకన్నా ముప్పై ఏడు సెకన్లు ముందుంటుంది. తలుపు బోర్డుకు గోడ వేళే పెట్టాడు. రెండింటికీ మధ్య ఆ తేడా తీసెయ్యాలి. బురదలో, తొందరలో మరిచాడు. తీసి చూస్తే కే నొక్కిందే ముందు. తలుపు తెరుచుకుంది ఆ తరువాత పదిహేడు సెకన్లకు.

యజమాని నవ్వబోయాడు. యంత్రం బుద్ధిగా నడవాలని ప్రెస్సుమీద పెట్టే పచ్చ చిరుతిండి పొట్లం తేదీ దాటిందని, అందుకే యంత్రం అలిగిందని అన్నాడు.

“నా తమ్ముడి చెయ్యి చిరుతిండి పొట్లం తిన్నదా?” అన్నాడు షియోంగ్. మీటవైపు చెయ్యి చాచాడు.

“అన్నా, వాణ్ణి వదిలెయ్. వేళలు తప్పుగా పెట్టింది నేను,” అన్నాడు హోంగ్. తేడా ఎంతో, ఎలా తీయాలో చెప్పాడు. గడియ చెడిన సంగతీ చెప్పాడు.

“అయితే మావాడే చెయ్యి పెట్టుకున్నాడంటావా?”

“ఇరుక్కున్న బోల్టు తీయబోయాడు. గడియ ఆపలేదు.”

షియోంగ్ కేని వదిలేసి లేచాడు. కడ్డీ హోంగ్ ఎడమ ముంజేతిమీద పడింది. ఎముక పుటుక్కుమంది. రెండోది దవడకు తగిలి పళ్ళు రాలాయి. హోంగ్ చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోదెబ్బకు ఎత్తిన కడ్డీని షియోంగ్ యజమాని అద్దాలగదిమీదికి విసిరి, కే పక్కనే నేలమీద కూలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే హోంగ్ మెడకు కట్టిన చేతితో వచ్చి, తలుపు గడియ మార్చి, రెండు బోర్డుల వేళలూ ఒకటి చేశాడు. తేదీ చూసి కొన్న కొత్త పచ్చ పొట్లం ప్రెస్సుమీద పెట్టి, వెన్‌బిన్ ఉన్న ఆసుపత్రికి నడిచాడు.