బియ్యంలో రాసిన పేరు

మిలిటరీ దవాఖాన గేటు దగ్గర బల్ల మీద అత్తను పడుకోబెట్టి భూదేవి కిటికీ ముందు నిలబడింది. ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు అత్త కడుపులో గడ్డ నిమ్మకాయంత. ఇప్పుడు కొబ్బరికాయంత.

"ఫౌజు కార్డులో చంద్రమ్మ. రేషన్ కార్డులో రత్నాబాయి. సిపాయి పెళ్లాం చంద్రమ్మను తీసుకురా," అన్నాడు గుమస్తా.

"ఆమెనే ఈమె సాహెబ్. చంద్రమ్మ తల్లిగారి పేరు. మా కామాటిపుర తెలుగోళ్లల్ల పెండ్లినాడు పళ్లెంల బియ్యం పోసి, ఉంగరంతోని కొత్త పేరు రాస్తరు. మామ ఫౌజుల పాత పేరే చెప్పిండు."

"తెలిసిన మాజీ సైనికుడితో సంతకం పెట్టించు."

భూదేవికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ల గల్లీలో పదకొండు ఇళ్ల మగవాళ్లు సరిహద్దులో రోడ్లు వేసే పల్టన్‌లో రాళ్లు కొట్టినవాళ్లే. మామతో సహా చాలామంది పోయారు. శంకర్రావు ఉన్నాడు. మామతో ఒకే రోజు చేరాడు, ఆ పెళ్లిలో పళ్లెం పట్టింది ఆయనే. ఇప్పుడు ఈ దవాఖాన గేటుకే వాచ్‌మన్, మాజీ సైనికుల సంఘానికి కార్యదర్శి.

సాయంత్రం శంకర్రావు వాళ్ల ఒంటిగది ఖోలీకి వచ్చి, సంతకం పెట్టాల్సిన కాగితం చూశాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు తప్పని తేలితే నా కొలువు పోతది బిడ్డా."

"పళ్లెం పట్టింది నువ్వే గద కాకా!"

"యాభై పెండ్లిళ్లల్ల పట్టిన. యాదికి లేదు."

మంచం మీది నుంచి అత్త తల ఎత్తింది. "నా పేరు యాదికి లేకుంటె పాయె. రోజూ చాయ్ తాగుకుంట వదినె అన్నవు, అది గూడ లేదా?"

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. తొమ్మిదో రోజు అత్త పోయింది.

దినాలు కాగానే దవాఖాన ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భూదేవి కూడబలుక్కుంటూ నల్లా దగ్గర అందరికీ చదివింది. 'చంద్రమ్మ ఉరఫ్ రత్నాబాయి చనిపోయినందున దవాఖాన కార్డు వాపసు చేయాలి. ఇద్దరూ ఒకరేనని సాక్షి సంతకం: శంకర్రావు.'

"బతికినప్పుడు ఇద్దరు, సచ్చినంక ఒక్కతా!" పక్కింటి గంగవ్వ బిందె కింద పడేసింది. "పదుండ్రి, వాని మీసం గొరుగుదాం."

"వాని మీసం గొరిగితే ముత్తమ్మను చేర్చుకుంటరా?" అంది భూదేవి, గడప మీద కూలబడి ఉన్న మరో సిపాయి పెళ్లాం ముత్తమ్మను చూపిస్తూ. "చూడుండ్రి, కాళ్లు ఎట్ల ఉబ్బినయో. ఆమెకు గూడ రెండు పేర్లే. మీ అందరికి రెండే. కొలువు భయం పెట్టి వానితోని యాదికి లేదనిపించిన ఆఫీసు ముందట కూసుందాం."

"పోలీసులొస్తే?"

"మిల్లుల సమ్మెల మన మొగోళ్లు గేటు ముందట కూసోలేదా? సద్దన్నం మోసింది మనమే గద. ఈపారి మనం కూసుందాం."

తెల్లారి ముప్పై మంది ఆడవాళ్లు కదిలారు. ముత్తమ్మను అదే బల్ల మీద పడుకోబెట్టి, చుట్టూ కూర్చున్నారు. గేటు అవతల శంకర్రావు తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి పోలీసు బండి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తీసి భూదేవి ముందు నిలబడ్డాడు.

"పేరు?"

భూదేవి ఉత్తరం పైకెత్తింది. "రెండున్నయ్. మా అందరికి రెండేసి. రెండూ రాసుకో సాహెబ్. ముందుగాల ముత్తమ్మవి రాయి, లోపలికి తీస్కపోవాలె. అప్పటిదాంక ఎవ్వరం లేవం."