విప్పి చూసిన చిత్రిక

చెక్కను నునుపు చేసే ఆ చిత్రికను పాడుచేసింది తుప్పూ కాదు, ముసలితనమూ కాదు. బిగించడం తప్ప విప్పడం తెలియని ఆ తలుపుల వర్క్‌షాపు పెద్దమనుషులే పాడుచేశారు! పదేళ్లుగా అది చెక్క మీద గడగడ వణుకుతుంటే, పట్టుకున్న ప్రతివాడూ స్క్రూ ఇంకో చుట్టు తిప్పి చేతులు దులుపుకున్నాడు.

ఆ షెడ్డులో ఒకే ఒక్క ఆడ వడ్రంగి ఉంది. మేస్త్రీకి స్వయానా మరదలు. అందరూ మొండి అంటారు. చిత్రిక ఆమె తండ్రిది. ఆ పొద్దున మిషన్లోంచి వచ్చిన తలుపుచెక్క, నార ఎదురు తిరిగిన చోట పెచ్చులుగా లేచిపోయింది. చేత్తో సాపు చేస్తానని ఆమె చిత్రిక తీసింది. రెండు తోపులకే అది దడదడలాడి, నోటినిండా పొట్టు కుక్కుకుని మొరాయించింది.

"చాల్లే మరదలా!" అన్నాడు మేస్త్రీ. "భోజనాలవేళకి తలుపు నున్నగా లేకపోతే ఆ చిత్రిక పాత ఇనుములోకి, నువ్వు గరుకు కాగితం రుద్దడానికి. నీ బల్ల ఇంకొకళ్లకి."

"నున్నగా ఉంటే?"

"అడిగింది ఇస్తా. ముందు ఉండనీ!"

"మాట తప్పావో, అక్కతో చెప్తా బావా."

షెడ్డంతా గొల్లున నవ్వింది.

అలవాటు పాడుగాను, ఆమె చెయ్యి కూడా ముందు స్క్రూ మీదకే పోయింది. బిగించింది. వణుకు ఇంకా పెరిగింది. అప్పుడు నాలిక కరుచుకుని, మొత్తం విప్పి బల్లమీద పరిచింది. బ్లేడు పదునుగానే ఉంది. కాగితాన్ని సర్రున కోసింది. మరి రోగమెక్కడ? బ్లేడు ఆనుకునే చోట వేలు పెట్టింది. జిగురూ దుమ్మూ కలిసి రాయిలా గట్టిపడిన గడ్డ! ఆ గడ్డ మీద కూర్చోబెట్టి బిగిస్తే బ్లేడు విల్లులా వంగక ఏం చేస్తుంది? కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి గీకేసింది. బ్లేడు మీద కూర్చునే ఇనుప రేకును దానికి ఆనించి కిటికీకి ఎత్తిపట్టింది. ఓ మూల సన్నటి వెలుగు. పొట్టు దూరేది అక్కడే. వెలుగు మాయమయ్యేదాకా రేకును సానరాయి మీద రుద్దింది. అన్నీ బిగించింది, రెండు వేళ్లతోనే. చెక్కను అటుదిటు తిప్పి పెట్టి, నార వాలు చూసి తోసింది.

పొడి రాలింది.

"టీ పొడి బాగుంది మరదలా, నీళ్లు పెట్టమంటావా?"

ఆమె బ్లేడును వెంట్రుకవాసి దించి మళ్లీ తోసింది. స్స్‌స్... తలుపు ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా ఒకే పొట్టు, ఉల్లిపొరలా లేచి చుట్టుకుంది. వణుకు లేదు, పెచ్చు లేదు. రంపాలు ఆగిపోయాయి. ఎవడో ఈల వేశాడు.

ఆమె ఆ పొరను కళ్లముందు పట్టుకుంది. "నీ మీసం కనబడుతోంది బావా, ఇందులోంచి!"

మేస్త్రీ తలుపు నిమిరాడు. రెండోసారీ నిమిరాడు. "సరే... బల్ల నీదే. చిత్రికా నీదే."

"అవి ఎప్పుడూ నావే. అడిగింది ఇస్తానన్నావు." సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "శనివారం మొదటి గంట పనిముట్లు విప్పి, తుడిచి, సానపట్టుకోవడానికే. అందరికీ. పనివేళల్లోనే, ఈ వారం నుంచే. బోర్డు మీద రాయి బావా, అందరూ చూస్తుండగా, ఇప్పుడే రాయి!"