చినుకు తాకని బిరుదు

రేవెన్‌గిల్ కొండల్లో వాన పడని రోజంటే పండగే. ఆ వానలోనే ఎర్ల్ బిరుదున్న దొరగారు పొద్దున్నే గొర్రెల దగ్గరికి వెళ్లి, పొడి కోటుతో తిరిగొచ్చి టీ తాగేవారు. ఆ బిరుదు ఎవరిదైతే వాళ్ల మీదా, వాళ్లని ఆనుకుని ఉన్నవాళ్ల మీదా చినుకు పడదు. తాతల నాటి నుంచీ అంతే. గడ్డి కోతలప్పుడు రైతులు గడ్డి తడవకుండా ఆయన్ని బతిమాలి బండి మీద కూర్చోబెట్టుకునేవారు. ఆయనా ఏమీ అనుకోకుండా శాండ్‌విచ్ తింటూ కూర్చునేవారు.

ఈస్టర్ వెళ్లాక దొరగారు పోయారు. ఒక్కతే కూతురు, హెస్టర్. తండ్రికి మోకాళ్లు పట్టేసినప్పటి నుంచీ గొర్రెలూ, కారే ఇంటికప్పూ, కౌలు రైతుల తగాదాలూ అన్నీ ఆవిడే చూసింది. ఏం లాభం? బిరుదు మగవాడికే పోవాలట, దాని వెంట ఇల్లూ పోవాలట. హల్ పట్నంలో స్నానాల గదుల్లో కుళాయిలూ తొట్లూ బిగించి బతికే క్లైవ్, వరసకి అన్న, వారసుడిగా ఊడిపడ్డాడు. చెడ్డవాడేం కాదు. ఇల్లు హోటల్ వాళ్లకి అమ్మేస్తానని మర్యాదగానే చెప్పాడు. హెస్టర్ గొర్రెల కొట్టంలోకి పోయి కుళ్లి కుళ్లి ఏడ్చింది.

దొరల అంత్యక్రియలకి ఇక్కడ ఎవరూ గొడుగు పట్టరు. కొత్త దొర తల పొడిగా ఉండటం ఊరంతా కళ్లారా చూడాలి. సమాధి దగ్గర కుండపోత మొదలైంది. క్లైవ్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. మీసాల్లోంచి నీళ్లు ధారకట్టాయి. హెస్టర్ నల్ల టోపీ మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

పాస్టరుగారు ప్రార్థన పుస్తకం తడుస్తోందని ఆవిడ పక్కకి జరిగారు. తర్వాత పోస్టాఫీసు మార్జరీ, ఆ వెనక కౌలు రైతులు. చూస్తుండగానే అందరూ హెస్టర్ చుట్టూ మూగారు. వానలో మిగిలింది క్లైవ్ ఒక్కడే. కాసేపటికి అతనూ బురదలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

"కాస్త జరుగుతావా, హెస్టర్?"

"రా అన్నయ్యా. చెవుల్లోకి కూడా పోయినట్టున్నాయే నీళ్లు."

"పోయాయి. సంగతి బుర్రలోకి కూడా ఎక్కింది" అన్నాడు క్లైవ్ తుమ్ముతూ. "లండన్ కాగితాల్లో దొరగా నా పేరే ఉంటుంది, దానికి నేనేం చెయ్యలేను. ఇల్లు మాత్రం అమ్మను. అది నీదే."

హెస్టర్ అతని తడి చేతిని గట్టిగా పట్టుకుంది. ఇంతలో మార్జరీ దగ్గరికొచ్చింది. హెస్టర్ పుట్టినప్పటి నుంచీ 'అమ్మాయిగారూ' అని పిలిచిన మనిషి.

"శనివారం మా మనవరాలి పెళ్లి. చర్చి నుంచి నడిచి రావాలి" అంది. "పిల్ల పక్కన కాస్త నడుస్తారా, దొరగారూ?"